కొన్న ఆడియో పుస్తకం పెన్‌డ్రైవ్‌లోకి ఎందుకు ఎక్కదు, ఎక్కాలంటే ఏం చేయాలి

కర్నూలు పాత బస్టాండు దగ్గరో, అనంతపురం టవర్‌క్లాక్ దగ్గరో, కడప ఏడురోడ్ల దగ్గరో పాటలు ఎక్కించే సెల్ షాపు ముందు కాసేపు నిలబడితే ఈ మాట వినబడుతుంది. "అన్నా, ఈ యాప్‌లో డబ్బు కట్టి పుస్తకం కొన్నా. మా నాయన కీప్యాడ్ ఫోన్లోకి ఎక్కియ్యన్నా." షాపతను ఫోల్డర్లన్నీ గాలించి, "దీంట్లో ఫైలే లేదు కదప్పా" అని ఫోను చేతికిచ్చేస్తాడు. డబ్బు కట్టింది నిజం. డౌన్‌లోడ్ చేసిందీ నిజం. ఫోన్లో 300 ఎంబీ జాగా తగ్గిందీ నిజం. అయినా పాట తీసి ఇచ్చినట్టు ఆ పుస్తకాన్ని తీసి ఇవ్వడం కుదరదు. ఎందుకు కుదరదో తెలిస్తే ఏది ఎక్కడ కొనాలో, కొన్నదాన్ని ఎట్లా కాపాడుకోవాలో తెలుస్తుంది.

తాళం ఫైలు లోపలే ఉంటుంది

ఆడియో పుస్తకాలకు వేసే కాపీ రక్షణను డీఆర్‌ఎం అంటారు. తాళం అనుకుంటే సరిపోతుంది. అమ్మే కంపెనీ గొంతును సంకేతాలుగా కలగాపులగం చేసి పంపుతుంది. దాన్ని మళ్లీ వినబడే గొంతుగా మార్చే తాళంచెవి ఆ కంపెనీ యాప్ చేతిలో ఉంటుంది, మీ ఖాతాకూ మీ ఫోనుకూ ముడిపడి ఉంటుంది. పుస్తకం మీ ఫోన్లోనే ఉన్నా తాళంచెవి మాత్రం మీ చేతికి రాదు.

అమెజాన్ వాళ్ల ఆడియో పుస్తకాల దుకాణమైన ఆడిబుల్ ఇచ్చే ఫైలునే తీసుకోండి. దాని చివర ఏఏఎక్స్ అనో, కొత్తవాటికి ఏఏఎక్స్‌సీ అనో ఉంటుంది. ఏఏఎక్స్ ఫైలును మీడియా వివరాలు చూపే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే పుస్తకం పేరు వస్తుంది, అట్టబొమ్మ వస్తుంది, ఏ అధ్యాయం ఏ నిమిషంలో మొదలవుతుందో కూడా వస్తుంది. గొంతు మాత్రం రాదు. పైన చీటీ అంటించి మూత బిగించిన డబ్బా లాంటిదది. చీటీ ఎవరైనా చదవొచ్చు, లోపలి సరుకు తాళంచెవి ఉన్నవాడిదే. ఫైలు పేరు చివర ఎంపీ3 అని మార్చి రాసినా చీటీ మారుతుందే తప్ప సరుకు మారదు. పేరు మార్చి మోసపోయేవాళ్లు చాలామంది కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాం.

ఎం4బీ అనే రకం దగ్గర కాస్త జాగ్రత్త. ఇది ఆడియో పుస్తకాల కోసమే వాడే పొట్లం. అధ్యాయాలు, అట్టబొమ్మ అన్నీ ఒకే ఫైల్లో ఇముడుతాయి. తాళం ఉన్న ఎం4బీ ఉంటుంది, లేనిదీ ఉంటుంది. ఆపిల్ అమ్మే పుస్తకాలకు ఫెయిర్‌ప్లే అనే తాళం ఉంటుంది, లిబ్రో.ఎఫ్ఎం అనే దుకాణం ఇచ్చే ఎం4బీకి ఏ తాళమూ ఉండదు. చివరి అక్షరాలు చూసి తేల్చలేం. తెలియాలంటే ఒకటే దారి, ఆ ఫైలును ఏ ఖాతా లేని వేరే కంప్యూటర్లో వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌తో వాయించి చూడటం.

డబ్బు కట్టే పద్ధతిని బట్టి పుస్తకాలు మూడు రకాలు. ఫైలే చేతికిచ్చేవి ఒక రకం, వాటితో ఏ తంటా లేదు. ఒక్కో పుస్తకం కొన్నా యాప్‌లోనే వినాల్సినవి రెండో రకం. ఆడిబుల్‌లో సభ్యత్వంతో వచ్చే క్రెడిట్ పెట్టి కొన్నవి ఇట్లాంటివే. సభ్యత్వం ఆపేసినా అవి మీ లైబ్రరీలో ఉంటాయి. నెలకో ఏడాదికో చందా కట్టి వినేవి మూడో రకం. స్టోరీటెల్, కుకు ఎఫ్ఎం లాంటివి ఈ దారిలో నడుస్తాయి. చందా అయిపోయిన రోజు డౌన్‌లోడ్ చేసుకున్నవీ మూసుకుపోతాయి. తెలుగు పుస్తకాల్లో ఎక్కువ భాగం ఈ మూడో రకంలోనే దొరుకుతున్నాయి కాబట్టి, 'డౌన్‌లోడ్' అన్న మాటను ఇక్కడ 'నెట్ లేకుండా వినే వీలు' అని మాత్రమే చదువుకోవాలి.

'కొనండి' అని రాసి అనుమతి మాత్రం అమ్మడం సరైన పద్ధతి కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన చట్టం ప్రకారం, అమ్మేది లైసెన్సు మాత్రమే అయితే ఆ సంగతి కొనేవాడికి స్పష్టంగా చెప్పి తీరాలి. మన దగ్గర అట్లాంటి నియమం వచ్చేదాకా ఆ పని కొనేవాడే చేసుకోవాలి.

కొనే ముందు పది నిమిషాల పరీక్ష

మొదట ఆ యాప్‌లోనో సైట్‌లోనో ఉచితంగా ఇచ్చే పుస్తకమో, అన్నిటికంటే తక్కువ ధర పుస్తకమో ఒకటి తీసుకోండి. డౌన్‌లోడ్ నొక్కండి. పూర్తయ్యాక ఫోన్ సెట్టింగుల్లో ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి, యాప్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరిచి వాయించండి. మోగితే నెట్ లేకుండా వినొచ్చని తేలింది. మోగకపోతే ఆ యాప్ ప్రయాణాల్లో పనికిరాదు.

రెండోది, ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలించి, యూఎస్‌బీ ఆప్షన్లలో 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' పెట్టి, డౌన్‌లోడ్స్, ఆడియోబుక్స్ ఫోల్డర్లు చూడండి. అక్కడ ఎంపీ3 గానీ ఎం4బీ గానీ ఉంటే కంప్యూటర్లోకి కాపీ చేసి వీఎల్‌సీలో వాయించండి. ఏమీ లేకపోతే పుస్తకం యాప్ సొంత అరలో ఉందని అర్థం. ఆండ్రాయిడ్ 11 నుంచి ఒక యాప్ అరలోకి ఇంకో యాప్ తొంగి చూసే వీలు తీసేశారు. వెతికి లాభం లేదు.

మూడోది, కంప్యూటర్ బ్రౌజర్‌లో మీ ఖాతాలోకి వెళ్లి పుస్తకం పక్కనున్న మూడు చుక్కలు నొక్కండి. గూగుల్ ప్లే బుక్స్‌లో కొన్ని పుస్తకాలకు ఫైలు దింపుకొనే 'ఎక్స్‌పోర్ట్' మాట కనిపిస్తుంది, కొన్నింటికి కనిపించదు. తాళం వేయాలా వద్దా అన్నది ప్రచురణకర్త నిర్ణయం, అందుకే ఒకే దుకాణంలో రెండు రకాలూ ఉంటాయి. ఒక పుస్తకానికి వచ్చింది గదా అని ఇంకోదానికీ వస్తుందనుకోవద్దు.

నాలుగోది, డబ్బు వాపసు నియమం. దాన్ని కొన్న తర్వాత చదివితే ప్రయోజనం లేదు. ముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నియమాలు మారుతుంటాయి, మీరు కొన్న రోజు ఏముందో రుజువు మీ దగ్గరుండాలి.

బాగా మోగే పుస్తకం ఉన్నట్టుండి ఎందుకు ఆగిపోతుంది

తాళం ఉన్న పుస్తకం మోగాలంటే ఖాతా, ఫోను, యాప్, తేదీ, దేశం అన్నీ కలిసిరావాలి. ఒక్కటి తప్పినా 'ఈ పుస్తకం అందుబాటులో లేదు' అని వస్తుంది. జనం వెంటనే యాప్ తీసేసి మళ్లీ వేసుకుంటారు. అదే మొదటి పొరపాటు. యాప్ తీసేస్తే దానితో పాటు డౌన్‌లోడ్‌లన్నీ పోతాయి. ఖాతా నుంచి లాగౌట్ అయినా చాలా యాప్‌లలో అంతే. సెట్టింగుల్లో 'క్లియర్ క్యాష్' నొక్కితే సాధారణంగా నష్టం లేదు, దాని పక్కనే ఉండే 'క్లియర్ డేటా' లేదా 'క్లియర్ స్టోరేజ్' నొక్కితే తాళంచెవితో సహా తుడిచిపెట్టుకుపోతుంది. ఫోన్ స్లో అయిందని ఈ రెండూ కలిపి నొక్కేసేవాళ్లకు ఈ తేడా చెప్పి తీరాలి.

మొదట చూడాల్సింది తేదీ, సమయం. బ్యాటరీ పూర్తిగా అయిపోయి, మళ్లీ ఛార్జింగ్ పెట్టాక కొన్ని పాత ఫోన్లలో తేదీ వెనక్కి పోతుంది. అనుమతి గడువును యాప్ తేదీతో సరిపోల్చుకుంటుంది కాబట్టి పుస్తకం మోగదు. తేదీని 'ఆటోమేటిక్' పెట్టి, ఒకసారి నెట్ ఆన్ చేసి యాప్ తెరిస్తే చాలాసార్లు అక్కడే సమస్య తీరిపోతుంది.

తర్వాత ఎస్‌డీ కార్డు. డౌన్‌లోడ్‌లను కార్డులోకి పంపుకొనే వీలు కొన్ని యాప్‌లలో ఉంటుంది. జాగా కలిసొస్తుంది, మంచిదే. ఆ కార్డు తీసి ఇంకో ఫోన్లో వేస్తే మాత్రం మోగదు, తాళంచెవి పాత ఫోన్లోనే ఉండిపోయింది. కొత్త ఫోన్ కొని, పాతదాంట్లోవన్నీ 'క్లోన్' చేసుకున్నప్పుడూ ఇదే జరుగుతుంది. యాప్ వస్తుంది, పుస్తకాల పేర్లు వస్తాయి, ఒక్కోదాన్నీ మళ్లీ దింపుకోవాల్సిందే. పాత ఫోన్ అమ్మేముందు కొత్తదాంట్లో లాగిన్ అయి, పుస్తకాలు దింపి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో వినిచూసి, ఆ తర్వాతే పాతదాంట్లో లాగౌట్ అవ్వండి. రూట్ చేసిన, అంటే కంపెనీ పెట్టిన సిస్టమ్ అడ్డంకులు తీసేసిన ఫోన్లలో కొన్ని యాప్‌లు అసలు పనిచేయవు.

చందా యాప్‌లు కొన్నాళ్లకోసారి నెట్‌లో కంపెనీతో మాట్లాడి అనుమతిని కొత్తది చేసుకుంటాయి. కర్నూలు నుంచి శ్రీశైలం పోయేవాళ్లకు ఆత్మకూరు దాటి దోర్నాల దాకా నల్లమలలో సిగ్నల్ చాలా దూరం ఉండదు. కడప నుంచి రాయచోటి పోయే గువ్వలచెరువు ఘాటులోనూ అంతే. బయల్దేరే ముందురోజు రాత్రి ఇంట్లో నెట్ ఉన్నప్పుడే యాప్ తెరిచి, పుస్తకం ఒక నిమిషం వాయించి, ఆపై ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో మళ్లీ చూసుకోండి. దారిలో ఆగిపోతే అక్కడ చేయగలిగింది ఏమీ ఉండదు.

అన్నిటికంటే పెద్ద నష్టం ఫోన్ నంబరుతో వస్తుంది. మన యాప్‌లలో చాలావరకు ఓటీపీతోనే తెరుచుకుంటాయి. వాడకుండా 90 రోజులు వదిలేసిన సిమ్‌ను కంపెనీ ఆపేసి, తర్వాత ఆ నంబరు వేరేవాళ్లకు ఇచ్చేయొచ్చు. నంబరు పోతే ఖాతా పోయినట్టే, అందులో కొన్న పుస్తకాలన్నీ పోయినట్టే. సిమ్ వదిలేయాలనుకున్న రోజే ప్రతి యాప్‌లో నంబరు మార్చండి, ఈమెయిల్ కూడా జతచేయండి.

కువైట్‌లో పనిచేసేవాళ్లు ఉన్న రాజంపేట, రాయచోటి వైపు ఇళ్లలో ఇంకో చిక్కు. కొడుకు అక్కడి ఖాతాతో పుస్తకం కొని అమ్మకు వినిపించాలనుకుంటాడు. ఏ పుస్తకం ఏ దేశంలో అమ్మాలన్నది హక్కుల ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. గూగుల్ కుటుంబ బృందంలో పెద్దతో పాటు ఇంకో ఐదుగురు ఉండొచ్చు, కానీ అందరూ ఒకే దేశంలో ఉండాలి. ప్లే ఖాతా దేశాన్ని ఏడాదికి ఒక్కసారే మార్చుకోవచ్చు, తొందరపడి మారిస్తే పన్నెండు నెలలు ఇరుక్కుంటారు. సులువైన దారి ఏమిటంటే, అమ్మ పేర ఇక్కడి ఖాతా తెరిచి, కొడుకు డబ్బు పంపితే ఇక్కడే కొనడం. లేదా తాళం లేని ఫైలు కొనడం. దానికి ఏ దేశంలో వింటున్నారన్న పట్టింపు ఉండదు.

దుకాణమే మూతపడితే? మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణాన్ని 2019లో మూసేసింది. తాళంచెవులిచ్చే సర్వర్ ఆగిపోవడంతో జనం కొన్న పుస్తకాలు వాళ్ల పరికరాల్లోనే తెరుచుకోకుండా పోయాయి. కంపెనీ డబ్బు వాపసు ఇచ్చింది. డబ్బు తిరిగొచ్చినా పుస్తకం తిరిగిరాలేదు.

తాళం లేని పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి

ఇంగ్లీషు పుస్తకాలకు లిబ్రో.ఎఫ్ఎం, డౌన్‌పోర్ అనే దుకాణాలు తాళం లేని ఫైళ్లు ఇస్తాయి. దేశాన్ని బట్టి జాబితా మారుతుంది, కాబట్టి ఖాతా తెరిచి కావలసిన పుస్తకం ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టండి. 2005లో మొదలైన లిబ్రివాక్స్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు చదివిన పాత పుస్తకాలు ఉచితం. ఎంపీ3గా దించుకొని ఏ ఫోన్లోనైనా వేసుకోవచ్చు. అయితే అక్కడ అమెరికా చట్టం ప్రకారం హక్కులు తీరిన పుస్తకాలు ఉంటాయి, మన చట్టం లెక్క వేరు. మన దగ్గర రచయిత చనిపోయాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1960లో పోయిన రచయిత పుస్తకాలు 2021 జనవరి 1 నుంచి అందరివీ అయ్యాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది తప్పుతారు. వేమన పద్యాలు ఎవరి సొత్తూ కావు. కానీ ఎవరో ఆ పద్యాలు చదివి విడుదల చేసిన రికార్డు మీద, విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు వాళ్ల హక్కు ఉంటుంది. పద్యం అందరిదీ, ఆ గొంతు మాత్రం వాళ్లది. కావాలంటే మీ ఇంట్లో బాగా చదివేవాళ్లతో మీరే చదివించి రికార్డు చేసుకోండి. ఫ్యాన్ ఆపి, తలుపులు మూసి, ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో కొంచెం పక్కగా పెట్టి, మోనో (ఒకే చానెల్) ఎంపీ3గా, 64 కేబీపీఎస్‌లో (సెకనుకు 64 కిలోబిట్లు) రికార్డు చేస్తే చాలు. ఆ ఫైలుకు ఏ తాళమూ ఉండదు.

తెలుగు విషయంలో చెప్పాల్సిన మాట సూటిగా చెప్పాలి. కొత్త తెలుగు పుస్తకాలు ఫైలుగా అమ్మేవాళ్లు చాలా తక్కువ. పాటల కంపెనీలు మొదట తాళాలు వేశాయి, 2009 కల్లా ఐట్యూన్స్ పాటలకు తాళం తీసేశారు, పాటల అమ్మకం ఆగిపోలేదు. తెలుగు ప్రచురణకర్తలకు ఈ సంగతి చెప్పేవాళ్లు కావాలి. పుస్తకం వెనకట్ట మీద ఉండే ఈమెయిల్‌కు 'ఎంపీ3గా అమ్ముతారా, ఎంత' అని రెండు ముక్కలు రాయండి. చిన్న ప్రచురణ సంస్థలూ, సొంతంగా అచ్చేసుకున్న రచయితలూ నేరుగా ఫైలు పంపగలరు, అడగాలి. పాత ఎంపీ3 సీడీలు దొరికినా వదలొద్దు, వాటికి తాళం ఉండదు.

ఫైలు దొరకనే దొరకదనుకుంటే ఇంకో దారి, ఫోనుతోనే చదివించుకోవడం. ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలో 'టెక్స్ట్ టు స్పీచ్' తెరిచి, గూగుల్ ఇంజిన్ ఎంచి, తెలుగు గొంతు డేటా దింపుకోండి. తెలుగు యూనికోడ్‌లో ఉన్న పుస్తకాన్ని అది చదువుతుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్‌ను చదవలేదు, అందులో ఉన్నవి బొమ్మలు. వేగం కాస్త తగ్గిస్తే ఒత్తులు మింగేయకుండా వస్తుంది.

కారులోకి, కీప్యాడ్ ఫోన్లోకి ఎక్కించే పద్ధతి

ఇది తాళం లేని ఫైళ్లకు. తాళం ఉన్న పుస్తకం కారులో వినాలంటే ఫోన్‌ను బ్లూటూత్‌తో గానీ ఆక్స్ వైరుతో గానీ కలపండి, అంతకు మించి ఏమీ అక్కర్లేదు. కర్నూలు నుంచి అనంతపురానికి 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 150 కిలోమీటర్లు, మూడు గంటల పుస్తకం సరిపోతుంది. బండి కదలకముందే ఫోను పెట్టి వదిలేయాలి.

ముందు లెక్క. 64 కేబీపీఎస్ ఫైలు గంటకు దాదాపు 29 ఎంబీ తింటుంది, 128 కేబీపీఎస్ అయితే 58 ఎంబీ. పది గంటల పుస్తకం 64లో 290 ఎంబీ. ఒక్క మనిషి గొంతుకు 64 మోనో చాలు. సంగీతం కలిపిన నాటకాలకు 128 పెట్టండి. అంతకు మించి పెంచితే జాగా వృథా, గొంతులో తేడా వినబడదు.

పెన్‌డ్రైవ్ 32 జీబీదే కొనండి. కారు స్టీరియోలు, చిన్న స్పీకర్లు ఎక్కువగా ఫ్యాట్32 అనే ఫార్మాట్ పద్ధతినే చదువుతాయి. విండోస్‌లో మామూలుగా ఫార్మాట్ చేసేటప్పుడు 32 జీబీ దాటిన డ్రైవులకు ఫ్యాట్32 చూపించకపోవచ్చు, ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్ఎస్ మాత్రమే చూపిస్తుంది. అట్లా చేసినదాన్ని స్టీరియోలో పెడితే 'నో ఫైల్' అంటుంది. రోడ్డు పక్కన చవగ్గా దొరికే '1 టీబీ' పెన్‌డ్రైవులు చాలావరకు నకిలీవి. ఎక్కినట్టే ఉంటాయి, సగం తర్వాత ఫైళ్లు గరగరమంటాయి. కొత్తది కొనగానే ఎచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నిండా రాసి చదివించి చూడండి.

స్టీరియోలు ఎం4బీని పట్టించుకోవు. ఫ్రీయాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దాన్ని వేసి, ఎంపీ3, మోనో, 64 ఎంచి మార్చండి. పెద్ద ఎంపీ3ని ముక్కలు చేయాలంటే ఎంపీ3డైరెక్ట్‌కట్ వాడండి. అది ఫైలును మళ్లీ కుదించకుండా కోస్తుంది, నాణ్యత తగ్గదు. కీప్యాడ్ ఫోనుకు పది నిమిషాల ముక్కలు చేయండి. ఆ ఫోన్లు ఆగిన చోటు గుర్తుపెట్టుకోవు. ఆరు గంటల ఫైలు ఒక్కటే ఇస్తే ఫోన్ వచ్చిన ప్రతిసారీ పెద్దాయన మొదటికి పోతాడు. ముక్కలుంటే '14వది వింటున్నా' అని గుర్తుంచుకుంటే చాలు.

ఫైళ్ల పేర్లు 001, 002 అని మొదట సున్నాలతో మొదలవ్వాలి. సున్నాలు లేకపోతే 1 తర్వాత 10, 11 వచ్చి, ఆ తర్వాతెప్పుడో 2 మోగుతుంది. పేర్లలో తెలుగు అక్షరాలు పెడితే చాలా స్టీరియోలు డబ్బాలు చూపిస్తాయి, అంకెలు మాత్రం పెట్టండి. ఎంపీ3ట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో అన్నీ ఎంచుకొని 'ఆటో నంబరింగ్' ఇస్తే ట్రాక్ నంబర్లు కూడా పడతాయి.

ఇంత చేసినా వరస తప్పుతుందంటే కారణం కాపీ చేసిన తీరు. చాలా స్టీరియోలు పేరు చూడవు, ఏ ఫైలు ముందు రాశారో అదే ముందు వాయిస్తాయి. పెన్‌డ్రైవ్‌ను కొత్తగా ఫార్మాట్ చేసి, కంప్యూటర్లో ఫైళ్లను పేరు వరసలో పెట్టి, అన్నీ ఎంచుకొని, 001 ఫైలునే మౌస్‌తో పట్టుకొని లాగండి. మధ్యలో ఫైలును పట్టుకొని లాగితే కాపీ అక్కడినుంచి మొదలవుతుంది. అప్పటికే ఎక్కించేసి ఉంటే డ్రైవ్‌సార్ట్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో వరస సరిచేయొచ్చు.

అసలు ఫైళ్లను మాత్రం పెన్‌డ్రైవ్‌లో ఒక్కచోటే ఉంచొద్దు. ఒక కాపీ కంప్యూటర్లో, ఒకటి బయటి హార్డ్‌డిస్క్‌లో, ఒకటి గూగుల్ డ్రైవ్‌లో ఉండాలి. ఉచితంగా వచ్చే 15 జీబీలో 64 కేబీపీఎస్ పుస్తకాలు సుమారు 500 గంటలవి పడతాయి. బిల్లు ఈమెయిల్ కూడా ఆ ఫోల్డర్లోనే పెట్టండి, ఇది కొన్న కాపీ అనడానికి అదే రుజువు.

తాళం పగలగొట్టొచ్చా

పగలగొట్టే సాఫ్ట్‌వేర్లు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ఆ పద్ధతి ఇక్కడ చెప్పడం లేదు. మన కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ ప్రకారం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఈ తాళాన్ని దాటితే రెండేళ్ల దాకా జైలు, జరిమానా కూడా ఉండొచ్చు. ఉద్దేశం అన్న మాట చట్టంలోనే ఉంది. చట్టం నిషేధించని పనికోసం చేస్తే మినహాయింపూ ఉంది. అయితే ఇంకొకరికి ఆ పని చేసిపెట్టేవాళ్లు, ఎవరికి చేశారో వాళ్ల పేరు, చిరునామా, ఎందుకు చేశారో పూర్తిగా రాసిపెట్టుకోవాలని అదే సెక్షన్ చెబుతుంది. సెల్ షాపులో కూర్చున్నవాళ్లు ఈ ముక్క తప్పకుండా తెలుసుకోవాలి. ఆపై యాప్ షరతులు ఉల్లంఘించారని ఖాతా మూసేస్తే కొన్న పుస్తకాలన్నీ పోతాయి. ఆ సాఫ్ట్‌వేర్లలో చాలా మీ ఖాతా పాస్‌వర్డ్ అడుగుతాయి, ఎవరికి ఇస్తున్నారో తెలియదు.

సొంతానికి వినే కాపీ వేరు, టెలిగ్రామ్ గ్రూపులో పెట్టే కాపీ వేరు. రెండోది అదే చట్టం 63వ సెక్షన్ కిందకు వస్తుంది. ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. తాళం లేని ఫైలు అమ్మే రచయిత మనల్ని నమ్మి అమ్ముతున్నాడు. ఆ ఒక్క ఫైలు గ్రూపుల్లో తిరిగితే ఆ రచయిత తర్వాతి పుస్తకాన్ని తాళం ఉన్న యాప్‌కే ఇస్తాడు.

చూపు లేనివాళ్లకు, అచ్చు పుస్తకం పట్టుకుని చదవలేనివాళ్లకు దారి వేరు. కాపీరైట్ చట్టం 52(1)(జెడ్‌బీ) సెక్షన్ ప్రకారం వాళ్లకు వీలైన రూపంలోకి పుస్తకాన్ని లాభాపేక్ష లేకుండా మార్చి ఇవ్వొచ్చు. ఇట్లాంటివాళ్ల కోసం కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో వైకల్య ధ్రువపత్రంతో సభ్యులైతే పుస్తకాలు దింపుకోవచ్చు. కంటిచూపు తగ్గిన పెద్దలు ఇంట్లో ఉంటే చందా యాప్ కంటే ముందు ఇది చూడండి.

డబ్బు కట్టినా పుస్తకం రాకపోతే

యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. ఫోన్‌పే, గూగుల్ పే లాంటి యూపీఐ యాప్‌లో 'ఆటోపే' తెరిచి అక్కడ రద్దు చేయండి. ప్లే స్టోర్ ద్వారా కట్టి ఉంటే ప్లే స్టోర్ 'సబ్‌స్క్రిప్షన్స్'లో రద్దు చేయాలి. డబ్బు తీసేముందు 24 గంటల ముందే సందేశం రావాలన్నది రిజర్వ్ బ్యాంకు నియమం. ఆ సందేశం వచ్చిన రోజే చూసుకుంటే నష్టం తప్పుతుంది.

కొన్న పుస్తకం మూసుకుపోతే ముందు యాప్‌లోని ఫిర్యాదు అధికారికి రాయండి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. రాసేటప్పుడు ఆర్డర్ నంబరు, కట్టిన తేదీ, యూపీఐ లావాదేవీ నంబరు, తెరమీద వచ్చిన తప్పు సందేశం స్క్రీన్‌షాట్, కొన్ననాటి షరతుల స్క్రీన్‌షాట్ జతచేయండి. 'పుస్తకం రావట్లేదు' అని ఒక్క ముక్క రాస్తే 'యాప్ అప్‌డేట్ చేయండి' అన్న జవాబే వస్తుంది. నెల దాటినా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కంపెనీ ముంబైలో ఉన్నా బెంగళూరులో ఉన్నా, మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు.